ఎర్ర రిబ్బను లేని ఆవు

పోయిన వారం వదినని గుంటలో నిలబెట్టి వచ్చేశాం. చేతిలో పాలు పితికే మిషను కప్పులు, కళ్ళెదుట ఆవు పొదుగు, నోటిదాకా వచ్చి ఆగిపోయిన కేక. పాపం, వారం నుంచీ ఆ మనిషి అలాగే నిలబడి ఉంది. మనిషి సంగతి సరే, ఆవుకైనా కాళ్ళు పీకి ఉంటాయి. ఇంకా ఆలస్యం చేస్తే అది కూడా ఓవర్‌టైం అడుగుతుంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆ డెయిరీలో రోజుకి మూడు పూటలు పాలు పితుకుతారు. తెల్లవారకముందు ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి. మిషను పంపు తిరుగుతున్నంత సేపే డ్యూటీ అని అక్కడి పద్ధతి. పంపు ఆగిందంటే మనిషి విశ్రాంతిలో ఉన్నట్టు. ఆ విశ్రాంతిలో పేడ ఎత్తాలి, పైపులు కడగాలి, దూడలకి పాలు పట్టాలి, షెడ్డంతా నీళ్ళు కొట్టాలి. చేతిలో పార ఉన్నా సరే, పంపు మోత వినబడటం లేదు కాబట్టి ఆ మనిషి కాళ్ళు చాపుకుని పడుకున్నట్టే లెక్క. అంత చాకిరీ ఉన్న విశ్రాంతి లోకంలో ఇంకెక్కడా దొరకదు. వదిన మొగుడు అలాంటి విశ్రాంతిలో ఉండగానే తడినేల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పంపు ఆగి ఉండగా పడ్డాడు కనక అది డ్యూటీలో పడటం కాదన్నారు, సొంతానికి పడటమన్నారు. అప్పట్నుంచీ షెడ్డు వెనక రేకుల గదిలో మంచం మీద ఉన్నాడు. ఆ గది కూడా డెయిరీదే. పని ఉన్నన్నాళ్ళే గది.

అందుకని పనివాళ్ళందరూ ఒక మాట మీదికి వచ్చారు. ఈ మధ్యాహ్నం పాలు అయ్యాక ట్యాంకరు వచ్చే వేళకి ఓనరు వస్తాడు. ఆయన్ని ఎదురుగా నిలబడి అడగాలి. రోజుకి ఎనిమిది గంటల పని, చేసిన ప్రతి గంటకీ కూలి, వారానికి ఒక సెలవు. అడిగే పని వదినకి అప్పగించారు. వదిన అంటే అందరికీ వదినే. ఆమె ఆడపడుచు కూడా అక్కడే పనిచేస్తుంది, రోజంతా వదినా వదినా అని పిలుస్తుంది. ఆ పిలుపు విని విని, వయసులో పెద్దవాళ్ళు కూడా వదిన అనే అంటున్నారు. ఆడపడుచు పేరు సైరన్. తల్లిదండ్రులు పెట్టింది కాదు, గొంతు సంపాదించుకున్నది. ఆ పిల్ల దగ్గితే పక్క షెడ్లో కోళ్ళు రేపు పెట్టాల్సిన గుడ్డు ఇవాళే పెట్టేస్తాయని చెప్పుకుంటారు.

ఇక గుంటలోకి వెళదాం.

పాలు పితికే హాలు మధ్యలో నడుములోతు గుంట. ఆవులు పైన అటూ ఇటూ వరసగా నిలబడతాయి. పితికేవాళ్ళు కింద. వాళ్ళకి ఆవు మొహం ఎప్పుడూ కనబడదు. వెనక కాళ్ళు, పొదుగు, తోక, తోక చేసే అపకారాలు, అంతే కనబడతాయి. అందుకని అక్కడొక కట్టుబాటు ఉంది. పొదుగువాపు వచ్చి మందు ఎక్కించిన ఆవు వెనక కాలికి ఎర్ర రిబ్బను కట్టాలి. ఎర్ర రిబ్బను కనబడితే ఆ పాలు విడిగా క్యానులోకి పిండి పారబోయాలి. పెద్ద ట్యాంకులోకి ఒక్క చుక్క పోకూడదు.

ఆ నల్లావు కాలికి రిబ్బను లేదు. వదిన కప్పులు తగిలించింది. తగిలించే ముందు చేత్తో రెండు ధారలు పిండి, పాలు విరిగాయేమో చూడాలి. చూడలేదు. సూపర్‌వైజరు గట్టు మీద నిలబడి ఈల ఊదుతున్నాడు. ఆయన పేరే ఈల. తొందరపెట్టడానికి తప్ప ఆ మనిషి నోరు ఇంకెందుకూ తెరవడు. తెల్లవారకముందు నుంచీ నిలబడే ఉన్న వదినకి కళ్ళ ముందు పొదుగులన్నీ ఒకటే పొదుగై సాగిపోతున్నాయి. పాలు అయిపోయాయి, కప్పులు తీసింది, అరచెయ్యి పొదుగుకి తగిలింది. ఒక పక్క రాయిలా గట్టిగా ఉంది. వేడిగా ఉంది. నిన్న సాయంత్రం సైరన్ మందు ట్యూబు ఎక్కిస్తుంటే, ఈ ఆవు తోక పట్టుకుని నిలబడింది తనే.

అరిచి ఉంటే ఏం జరిగేదో తెలీదు. అరవలేదు. తల పైకెత్తి పైపు వంక చూసింది. పాలు పైపులో నుంచి జరజరా వెళ్ళిపోతున్నాయి. చెయ్యి అడ్డం పెట్టి ఆపగలిగేవి కావు. గోడ అవతల ట్యాంకు చల్లబరిచే మోటారు గుర్రుమంటోంది. రోజూ వినే మోతే. ఈ పూట మాత్రం లోపల ఏదో మేలుకుని కదులుతున్నట్టు వినిపించింది. 

మిగతా ఆవుల్ని ఎలా పితికిందో ఆమెకే తెలియదు. ఈల పంపు ఆపగానే వదిన సైరన్ చెయ్యి పట్టుకుని పైపులు కడిగే గదిలోకి లాక్కెళ్ళింది. జరిగింది చెప్పింది. సైరన్ ముందు నమ్మలేదు. ఎవరైనా చూశారా అని అడిగింది.

"ఆవు చూసింది," అంది వదిన.

సైరన్‌కి నవ్వు రాలేదు. రిబ్బను లేదా, సరిగ్గా చూశావా అని ఒకటికి రెండుసార్లు అడిగింది. లేదని వదిన చెప్పింది. ఊడి జారిపడి ఉంటుంది, ఎక్కడో పేడలో ఉంటుంది అని కూడా అంది. ఆ మాటకి సైరన్ ఏదో అనబోయి మానేసింది.  కోళ్ళకి గుడ్లు పెట్టించే గొంతు ఎటు పోయిందో పోయింది. కాసేపటికి తేరుకుని వాదించటం మొదలుపెట్టింది. అంత పెద్ద ట్యాంకు, ఒక్క ఆవు పాలు, ఎవరికి తెలుస్తుంది. ఫ్యాక్టరీలో వెన్న ఎంత, నీళ్ళెన్ని అనే చూస్తారు, మందు పరీక్ష ఎప్పుడో గాని చెయ్యరు. ఇదంతా నిజమే. వదినకి కూడా తెలుసు. కానీ పశువుల డాక్టరు మందు ట్యూబులు ఇచ్చేటప్పుడల్లా చెప్పే మాట ఒకటుంది. ఈ మందు పడనివాళ్ళుంటారు, వాళ్ళకి కొంచెం పోయినా గొంతు వాచి ఊపిరాడదు అని. ఎక్కడో ఏ ఇంట్లోనో గ్లాసు ఎత్తేవాడికి అందులో ఏముందో ఎలా తెలుస్తుంది?

చెప్పేస్తాను అంది వదిన.

సైరన్ తలుపు దగ్గరికేసి వచ్చింది.

"చెప్పు వదినా. ఏ రోజైనా చెప్పు. ఈ రోజు మాత్రం వద్దు. ఎనిమిది గంటలు కావాలని అడిగే నోటితోనే పాలు పాడుచేశానని చెప్తే ఇంకేం వింటాడాయన? మెడపట్టి గెంటుతాడు. అన్నని మంచంతో సహా బయట పెడతాడు. మనతో పాటు వాళ్ళందర్నీ కూడా."

"రేపు చెప్తే పాలు వెనక్కొస్తాయా?"

సైరన్ తలుపు తీసింది. రిబ్బను వెతికొస్తానని షెడ్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. దొరికిందా అని వదిన అడిగితే తల అడ్డంగా ఊపింది. ఆ తల ఊపు సంగతి ఇంకాస్త అడిగి ఉంటే బాగుండేది. అంతలోనే గేటు దగ్గర ట్యాంకరు హారను మోగింది. 

ఆవరణలో పనివాళ్ళందరూ అప్పటికే గోడ నీడన చేరారు. ఎవరికీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియటం లేదు. కొందరు వెనక్కి కట్టుకున్నారు, కొందరు చంకల్లో దాచుకున్నారు. దాణా కలిపే తాత ఒక్కడే తీరిగ్గా ఉన్నాడు, లేక ఉన్నట్టు నటిస్తున్నాడు. తను వయసులో ఉన్నప్పుడు ఒక ఆవు తన్నిన తన్నుకి బకెట్టు ఆకాశంలోకి పోయిందనీ, మూడో రోజున కిందపడిందనీ, పడ్డప్పుడు చూస్తే అందులో గడ్డపెరుగు తోడుకుని ఉందనీ చెబుతున్నాడు. ఇదివరకు ఈ కథలో మర్నాడే పడేది, ఇప్పుడు మూడో రోజుకి పడుతోందేమిటని ఎవరో అడిగారు. అప్పట్లో నాకు ఇంత భయం లేదు, భయం ఎక్కువైతే బకెట్టు ఎక్కువ ఎత్తు పోతుంది అన్నాడు తాత. నవ్వారు గాని ఎవరి నవ్వూ పెదాలు దాటలేదు.

ట్యాంకరు వెనక్కి వచ్చి ఆగింది. డ్రైవరు దిగి లావుపాటి గొట్టం తెచ్చి పెద్ద ట్యాంకు మూతికి బిగించాడు. ఆ మూతి దగ్గర ఇనప పిడి ఒకటి ఉంటుంది. కుడికి తిప్పితే పాలు గొట్టంలోకి పోతాయి. ఎడమకి తిప్పితే ట్యాంకు కడిగిన నీళ్ళు పోయే కాలువలోకి పోతాయి. పిడి తిప్పే పని మధ్యాహ్నం పూట వదినదే.

ఓనరు కారు వచ్చింది. అది ఎంత మెత్తగా వస్తుందంటే, తోక టైరు కింద పడేదాకా కుక్కలకి కూడా తెలియదు. ఆయనా అంతే. ఎవరినీ గట్టిగా ఒక్క మాట అన్నట్టు ఎవరూ వినలేదు. ఆడవాళ్ళని తల్లీ అంటాడు, మగవాళ్ళని నాన్నా అంటాడు. అలా తల్లీ తల్లీ అంటూనే కిందటేడు ఒక కుటుంబాన్ని వానలో సామానుతో సహా రోడ్డు మీద నిలబెట్టాడు. అందరూ ఇలా నిలబడ్డారేమిటని అడిగాడు. ఈల ఏదో చెప్పబోతే చేత్తో ఆపాడు.

వదిన ముందుకి వచ్చింది.  నేర్చుకున్న మాటలన్నీ వరసగా ఉన్నాయి, ఎనిమిది గంటలు, ప్రతి గంటకీ కూలి, సెలవు. వాటిలో ఏదీ ముందు రాలేదు.

"సార్, ఈ ట్యాంకు పాలు పంపకూడదు. మందు వేసిన ఆవు పాలు కలిశాయి. నేనే కలిపాను."

 తాత కథ చెప్పటం మానేశాడు.

 ఓనరు ట్యాంకరు అవతల, మాట వినబడనంత దూరంలో ఉన్న డ్రైవరుని పిలిచి, ఎండన పడి వచ్చావు నాన్నా, బయట కొట్లో టీ తాగి రా అన్నాడు. డ్రైవరు వెళ్ళాక ఈలతో గేటు మూయమన్నాడు. గేటు మూసుకున్న చప్పుడు వదిన వెన్నులో దిగింది. మూడేళ్ళుగా ఆ గేటు ఆ వేళప్పుడు మూయటం ఆమె చూడలేదు.

ఎలా జరిగిందో చెప్పమన్నాడు. చెప్పింది. రిబ్బను లేదు, చేత్తో పిండి చూడలేదు, నిలబడే నిద్రపోయినంత పనయింది. నిన్న రాత్రి పొద్దుపోయేదాకా పని, ఈ రోజు తెల్లవారకముందే పని. ఇందుకే గంటలు తగ్గించమని అడగటానికి అందరూ వచ్చారు. ఏమేం అడగాలనుకున్నారో అవీ చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. వింటూ వింటూ జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. తిడితే బాగుండునని వదినకి అనిపించింది. తిట్టేవాడి పక్కన నిలబడి ఊపిరి పీల్చుకోవచ్చు.

"అన్నీ ఇస్తాను తల్లీ," అన్నాడు ఓనరు.

ఎవరూ నమ్మలేదు. ఆయన అందరికీ వినబడేలా, ఒక్కొక్కటిగా చెప్పాడు. ఎనిమిది గంటలు ఇస్తాను. పంపు ఆగినా తిరిగినా కూలి ఇస్తాను. వారానికి ఒక రోజు సెలవు. మీ ఆయన తుంటికి వైద్యం నేను చేయిస్తాను. రేపట్నుంచే. ఈ ట్యాంకు సంగతి ఫ్యాక్టరీవాళ్ళకి తెలిస్తే ఇంక మన పాలు కొనరు, డెయిరీ మూతపడుతుంది, మీరు అడిగినవి ఇవ్వటానికి నేనూ ఉండను, తీసుకోవటానికి మీరూ ఉండరు. కాబట్టి నువ్వేం చెప్పావో నేను వినలేదు, వీళ్ళూ వినలేదు. డ్రైవరు వస్తాడు, పిడి కుడికి తిప్పు.

భయం చాలా రకాలుగా ఉంటుందని వదినకి తెలుసు. పొగరుబోతు ఆవు కాలి కింద చెయ్యి పెట్టినప్పటిది ఒకటి. నెలాఖరుకి బియ్యం డబ్బా అడుగు కనబడినప్పటిది ఒకటి. ఇప్పుడు ఆమెకి తెలిసింది ఈ రెండూ కాదు. వెనక నిలబడ్డ తనవాళ్ళ మౌనం. అందులో కోపం లేదు, ఆశ ఉంది. అంతమంది ఒక్కసారిగా ఊపిరి బిగబట్టి తన వీపు వంక చూస్తున్నారు.

"ఒప్పుకో వదినా," అని ఎవరో మెల్లగా అన్నారు. ఎవరో తెలుసుకోవటానికి ఆమె వెనక్కి తిరగలేదు. తెలిస్తే రేపు ఆ మొహం చూడాలి.

ట్యాంకు దగ్గరికి నడిచింది. పిడి చల్లగా ఉంది. రెండో చెయ్యి కూడా వేసింది. రేకుల గది కళ్ళ ముందుకి వచ్చింది. మంచం, మంచం కింద నీళ్ళ చెంబు, గోడవైపు తిరిగి పడుకున్న మనిషి. ఆ మనిషి తుంటికి వైద్యం చేయిస్తానంటున్నాడు ఆయన. కుడికి తిప్పితే చాలు. దానికి బలం కూడా అక్కర్లేదు, రోజూ తిప్పి తిప్పి అటు అలవాటు పడిపోయింది పిడి. ఎడమకి తిప్పాలంటేనే బిగువుగా ఉంటుంది.

ఎడమకి తిప్పింది.

పాలు గుబుక్కున వచ్చాయి. కాలువ అంత పాలని మింగలేక పొంగింది. ఆవరణంతా తెల్లగా పరుచుకుంటూ పోయి అందరి బూట్లనీ ముట్టుకుంది. ఒక్కరూ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. 

ఓనరు అప్పుడు కూడా గొంతు పెంచలేదు. కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"సరే నాన్నా. ఇది ఈవిడ ఒక్కదాని తప్పు అనేవాళ్ళు ఇటు వచ్చి నా పక్కన నిలబడండి. మీకు ఇస్తానన్నవన్నీ ఇస్తాను, మాట తప్పను. అక్కడే నిలబడేవాళ్ళు సాయంత్రంలోగా గదులు ఖాళీ చెయ్యండి."

వదిన ట్యాంకుకి ఆనుకుంది. ఎవరూ కదలటం లేదు. ఒకరి వంక ఒకరు చూసుకోవటం కూడా లేదు. దాణా తాత పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ పెద్దమనిషికి చెప్పటానికి ఏ కథా దొరక్కపోవటం అదే మొదటిసారి అయి ఉంటుంది.

అప్పుడు ఒక్కరు కదిలారు. పాలల్లో చప్పుడు చేసుకుంటూ నడిచి, ఆవరణ దాటి, ఓనరు పక్కన నిలబడ్డారు.

సైరన్.

వదిన కళ్ళు మూసుకుంది. మొగుడి చెల్లెలు. ఒకే గదిలో, తెర కట్టుకుని ఇటు ఒకరూ అటు ఒకరూ పడుకునే మనిషి. ఓనరు ఆమె భుజం తట్టి, తెలివైన పిల్లవి తల్లీ అన్నాడు. ఇంకా ఎవరైనా ఉన్నారా అన్నట్టు గుంపు వంక చూశాడు.

"పొద్దున్న వెళ్ళిన లోడుని కూడా ఆపించండి సార్," అంది సైరన్.

ఆ గొంతు ఆమెది కానట్టుంది. పక్కవాళ్ళకి కూడా కష్టం మీద వినిపించింది. ఏ లోడు అని ఓనరు అడిగాడు.

"రిబ్బను ఊడిపోలేదు. నిన్న వదిన వెళ్ళాక నేను పక్క ఆవుకి కట్టాను. రెండూ నల్లావులే, పక్కపక్కనే ఉన్నాయి, నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇందాక షెడ్లోకి వెళ్ళి చూశాను, దాని కాలికే ఉంది. పొద్దున్న కూడా మంచి ఆవు పాలు పారబోసి మందు ఆవు పాలు ట్యాంకులోకి పిండింది నేనే. ఇది వదిన తప్పు కాదని మీ పక్కన నిలబడి చెబుదామని వచ్చాను."

ఈల నోట్లో ఈల అలాగే ఉండిపోయింది. వదిన కళ్ళు తెరిచింది. ఓనరు చెయ్యి సైరన్ భుజం మీది నుంచి మెల్లగా జారింది. పొద్దున్న లోడు ఫ్యాక్టరీకి చేరిపోయి ఉంటుంది, ప్యాకెట్లలోకి కూడా వెళ్ళి ఉంటుంది, ఇంక చేసేదేముందని ఆయన అన్నాడు. అంటూ గేటు వైపు చూశాడు. ఎందుకు చూశాడా అని అందరూ అటు చూశారు.

గేటు కమ్మీల అవతల డ్రైవరు టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి తాగకుండా దించేశాడు.

"పొద్దున్న నేను తీసుకెళ్ళిన లోడు ఫ్యాక్టరీకి వెళ్ళలేదు కదా సార్," అన్నాడు. "పిల్లల ఆసుపత్రి వంటగదిలో దింపమన్నారు మీరు. ఈపాటికి వార్డుల్లో పోసేసి ఉంటారు."